ఏ వేడి దగ్గర?

(డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారి స్మృతిలో తెనాలిలో చేసిన ప్రసంగ పాఠం)



నాయుడమ్మ గారి గురించి తెనాలిలో చెప్పడమంటే తాతకు దగ్గు నేర్పడమే. 1922లో పక్కనున్న యలవర్రులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివారు. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తెచ్చుకున్నారు. మద్రాసులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరు. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్ డైరెక్టర్ జనరల్. 1985 జూన్ 23న ఐర్లండ్ తీరాన కనిష్క విమానం కూలినప్పుడు అందులో ఉన్నారు. ఇవన్నీ ఈ ఊళ్లో పెద్దవాళ్లకు నాకంటే బాగా తెలుసు.

నాది తోళ్ల విద్య కాదు. వస్తువులు వేడికి ఎలా ప్రవర్తిస్తాయో కంప్యూటరుకు చెప్పే పని నాది. ఇంజినీర్లు సిమ్యులేషన్ అంటారు. కానీ తోలు శాస్త్రం ఎప్పుడో తేల్చుకున్న ఒక సంగతిని మా వాళ్లు ఇంకా సరిగ్గా వంటబట్టించుకోలేదని నా అభిప్రాయం. అక్కడికి నెమ్మదిగా వెళదాం.

ఇంజినీరింగు కళాశాలల్లో మౌఖిక పరీక్షకు వెళ్లినప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటుంది. ఉక్కు ఉష్ణవాహకత ఎంత? కుర్రవాళ్లు తడుముకోకుండా యాభై అంటారు. ఏ వేడి దగ్గర అని అడిగితే మాత్రం గది నిశ్శబ్దమైపోతుంది. యూరప్ కోడు ప్రకారం మామూలు కార్బన్ ఉక్కుకు 20 డిగ్రీల దగ్గర అది మీటరుకు, డిగ్రీకి 53 వాట్లు. 800 డిగ్రీల దగ్గర 27. సగానికి సగం పడిపోయింది. పుస్తకంలో ఉన్న యాభై అబద్ధం కాదు, దాని పక్కన ఉండాల్సిన రెండో అంకె ఊడిపోయింది, అంతే.

సిమ్యులేషన్‌లో జరిగేదేమిటో విద్యార్థులు కానివారి కోసం రెండు మాటల్లో చెబుతాను. వస్తువును చిన్న చిన్న ముక్కలుగా లెక్కలో విడగొడతాం. ప్రతి ముక్కలోకి వచ్చిన వేడి, పోయిన వేడి, మిగిలిన వేడి సరిచూస్తాం. ఆ లెక్కకు వాహకత, విశిష్టోష్ణం, సాంద్రత కావాలి. ముక్క సాగుతుందా, వంగుతుందా, విరుగుతుందా అంటే వ్యాకోచ గుణకం, యంగ్ మాడ్యులస్, బలం కావాలి. వీటన్నిటినీ రాసిపెట్టే చోటును మెటీరియల్ కార్డు అంటాం. ఈ గుణాలు వేడితో మారేవైతే చిక్కు మొదలవుతుంది. ముక్క ఎంత వేడెక్కిందో తెలిస్తేగాని గుణం తెలియదు, గుణం తెలిస్తేగాని ఎంత వేడెక్కిందో తెలియదు. అందుకని కంప్యూటరు ఒక ఊహతో మొదలుపెట్టి, సరిచూసుకుని, మళ్లీ దిద్దుకుంటూ పోతుంది. ఆ దిద్దుబాటు దానికి బాగా వచ్చు. మనం తప్పు పట్టిక ఇస్తే ఆ తప్పును ఎనిమిది దశాంశాల దాకా దిద్ది మన చేతిలో పెడుతుంది.

మారుతుందని తెలిసింది కదా అని ప్రతిచోటా వక్రరేఖలు గీయనక్కర్లేదు. బాపట్ల విద్యార్థులు ఇక్కడికి రైల్లో వచ్చిన దారినే తీసుకోండి. గూడూరు–విజయవాడ లైనులో బాపట్ల, తెనాలి మీదుగా పోయే పట్టాలు పొడవుగా అతికినవి. ఎండకు పట్టా సాగాలని చూస్తుంది. సాగడానికి చోటుండదు. ఆ సాగని సాగుడంతా లోపల నొక్కుడుగా మారుతుంది. రైల్వేవారి లెక్కలో వ్యాకోచ గుణకం డిగ్రీకి 0.00001152. యంగ్ మాడ్యులస్ చదరపు సెంటీమీటరుకు 21.5 లక్షల కిలోలు. మీటరుకు 60 కిలోల బరువుండే పట్టా అడ్డుకోత 76.86 చదరపు సెంటీమీటర్లు. మూడూ గుణించండి. ఒక్కో పట్టాకు డిగ్రీకి సుమారు 1,900 కిలోలు. బిగించిన నాటికంటే పట్టా 25 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 47 టన్నులు దాటింది.

ఈ లెక్కలో గుణకాన్ని స్థిరంగా ఉంచడమే మర్యాద. చలికాలపు తెల్లవారుజాముకూ మే నెల మిట్టమధ్యాహ్నానికీ మధ్య అది మారేది నూటికి నాలుగో ఐదో పాళ్లు. దాన్ని పట్టుకుని కూర్చుంటే అసలు అంకె జారిపోతుంది. ఆ అసలు అంకె ఏమిటంటే, పట్టాను ఏ వేడి దగ్గర బిగించారు? నొక్కుడూ లాగుడూ లేని ఆ వేడిని రైల్వేవారు ప్రాంతపు సగటు పట్టా వేడికి ఐదు నుంచి పది డిగ్రీలు పైన ఉండేలా ఎంచుకుని డీస్ట్రెసింగ్ చేస్తారు, రిజిస్టరులో రాసిపెడతారు. నా దృష్టిలో మెటీరియల్ కార్డు ఎలా ఉండాలో మన దేశంలో చక్కగా తెలిసినవాళ్లు ఆ రిజిస్టరు రాసే పర్మనెంట్ వే సిబ్బందే.

ఇక మారడమే ప్రధానమైన చోటుకు వద్దాం. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్లలోనూ రైసు మిల్లులున్నాయి. ఊక గుట్టలున్నాయి, ఇనుప దూలాల షెడ్లున్నాయి. నిప్పు పడితే దూలం ఎంతసేపు నిలబడుతుంది? మన భారతీయ ప్రమాణం ఐఎస్ 800, 2007 ముద్రణ, 16వ అధ్యాయం దీనికోసమే ఉంది. ఉక్కు బలం 215 డిగ్రీల దాకా తగ్గదని, అక్కణ్నుంచి 905 డిగ్రీల దగ్గర సున్నా అయ్యేదాకా తిన్నగా పడిపోతుందని అది చెబుతుంది. 905లోంచి వేడిని తీసేసి 690తో భాగించండి. 600 డిగ్రీల దగ్గర మిగిలేది 44 శాతం. ఆస్ట్రేలియా కోడులోనూ ఇదే సూత్రం.

400 డిగ్రీల దగ్గర చూడండి. మన ప్రమాణం 73 శాతం అంటుంది. యూరప్ కోడు నూటికి నూరు అంటుంది. ఉక్కు ఒకటే, వేడి ఒకటే. ఎవరు తప్పు? ఎవరూ కాదు. యూరప్ వాళ్లు ఈల్డ్ బలమని పిలిచేది నూటికి రెండు పాళ్లు సాగాక మోసే బరువును. అంత సాగుడు లెక్కలోకి తెచ్చుకున్నారు కాబట్టి వాళ్ల అంకె పెద్దది. తమ పద్ధతిలో ఎవరి పట్టిక వారికి నిలుస్తుంది. బలం ఒక కోడు నుంచి, యంగ్ మాడ్యులస్ ఇంకో కోడు నుంచి, వాహకత ఎక్కడో దొరికిన పట్టిక నుంచి తెచ్చి ఒకే కార్డులో అతికించినప్పుడు ఎక్కడా లేని ఒక కొత్త లోహం పుడుతుంది. నేను చూసిన ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ లోహం తరచుగానే తగులుతుంది.

ఇక్కడే ఇంకొక ముప్పు. పట్టిక 400 డిగ్రీల దగ్గర ఆగిపోయిందనుకోండి. మంటలో దూలం 700 దాటింది. చాలా సాఫ్ట్‌వేర్లు ఆఖరి అంకెనే పట్టుకుని పైకంతా వాడుకుంటాయి. గొంతెత్తి చెప్పవు. తెరమీద దూలం నిక్షేపంగా నిలబడి ఉంటుంది.

వ్యాకోచ గుణకంలో దాగిన ఉచ్చు గురించి మాత్రం కొంచెం నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇందులో పడతారు. గుణకాన్ని రెండు రకాలుగా చెప్పవచ్చు. 600 డిగ్రీల దగ్గర ఉన్న ఉక్కు ఇంకొక్క డిగ్రీ వేడెక్కితే ఎంత సాగుతుంది అన్నది ఒకటి. 20 నుంచి 600 దాకా మొత్తం సాగింది ఎంత, దాన్ని 580 డిగ్రీలకు పంచితే డిగ్రీకి ఎంత అన్నది రెండోది. మొదటిది ఆ క్షణపు గుణకం, రెండోది సగటు గుణకం. యూరప్ కోడు సూత్రంతోనే లెక్క కడితే మొదటిది పది లక్షలకు 16.8, రెండోది 14.5. ఎక్కువ సాఫ్ట్‌వేర్లు అడిగేది సగటును. పుస్తకంలోనేమో ఆ క్షణపు గుణకం ఉండవచ్చు. దాన్ని తీసుకెళ్లి సగటు గడిలో రాస్తే పది మీటర్ల దూలం 84 మిల్లీమీటర్లు సాగాల్సింది 97 సాగుతుంది. ఈ 13 మిల్లీమీటర్లు గోడను తోసేస్తాయి, లెక్కలో. నిజం గోడకేమీ కాదు.

సగటు అన్నాక ఎక్కణ్నుంచి సగటు అన్న ప్రశ్న తప్పదు. విదేశీ పట్టికల్లో మొదలు 20 డిగ్రీలు. ఎందుకంటే వాళ్ల ప్రయోగశాల గది 20 డిగ్రీలు. రేపల్లెలో ఏప్రిల్లో దూలాలు బిగించిన మనిషికి 20 డిగ్రీలు ఏ నెలలో కనబడ్డాయో అడగండి. పట్టిక మొదలైన వేడి వేరు, నిర్మాణం ఒత్తిడి లేకుండా ఉన్న వేడి వేరు. సాఫ్ట్‌వేర్‌లో ఈ రెంటికీ వేర్వేరు గళ్లుంటాయి. రెండింటిలోనూ ఒకే అంకె కొట్టి ముందుకు పోవడం అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే షెడ్డు దూలానికి 20కీ 35కీ తేడా పెద్దది కాదు, లెక్క కడితే నూటికి రెండు పాళ్లకు అటూఇటూ. వెల్డింగు దగ్గర, పోత పోసిన లోహం దగ్గర ఇదే అజాగ్రత్త మొత్తం జవాబును తలకిందులు చేస్తుంది. అక్కడ ఒత్తిడి లేని వేడి అంటే కరుగుడు వేడికి దగ్గర్లో ఎక్కడో ఉంటుంది మరి.

సాంద్రత గురించి ఒక్క మాట. వ్యాకోచాన్ని గుణకంతో ఇచ్చాక సాంద్రతను కూడా వేడితో తగ్గిస్తూ పోతే కొన్ని లెక్కల్లో వస్తువు బరువే తగ్గిపోతుంది.

ఇప్పుడు నిజాంపట్నం వైపు వెళదాం. అటు చెరువుల్లో పెరిగిన వనామీ రొయ్య ఎగుమతికి పోవాలంటే ప్లేట్ ఫ్రీజర్‌లోకి వెళ్లాలి. నడిబొడ్డు మైనస్ 18 డిగ్రీలకు దిగాలి. ఎంతసేపు పడుతుంది? కరెంటు బిల్లు కట్టేవాడికి ఇది పుస్తకాల ప్రశ్న కాదు. వేడితో మారే గుణాలకు ఇంతకంటే గడుసైన ఉదాహరణ నాకు తెలియదు.

రొయ్యలో నూటికి డెబ్బై ఐదు పాళ్ల పైనే నీరు. ఆ నీటిలో లవణాలున్నాయి కాబట్టి సరిగ్గా సున్నా దగ్గర గడ్డకట్టదు. మైనస్ ఒకటి, రెండు డిగ్రీల మధ్య మొదలవుతుంది. మొదలైనంత మాత్రాన అయిపోదు. కొంత నీరు మంచుగా మారగానే మిగిలిన నీరు చిక్కబడుతుంది, చిక్కబడ్డ నీరు ఇంకా చల్లబడితేగాని గడ్డకట్టదు. పలుచని ద్రావణాల లెక్క ప్రకారం మైనస్ ఒకటి దగ్గర మొదలైతే, మైనస్ రెండుకు సగం, మైనస్ ఐదుకు 80 శాతం, మైనస్ పదికి 90 శాతం నీరు మంచవుతుంది. కిలో నీరు మంచైతే విడిచే గుప్తోష్ణం 334 కిలోజౌళ్లు. రొయ్య కిలోకు సుమారు 255 అనుకోండి.

30 డిగ్రీల రొయ్యను మైనస్ ఒకటి దాకా చల్లార్చడానికి కిలోకు దాదాపు 110 కిలోజౌళ్లు తీయాలి. అదంతా 31 డిగ్రీల దిగుడు. ఆ తర్వాత నాలుగంటే నాలుగు డిగ్రీలు, మైనస్ ఒకటి నుంచి మైనస్ ఐదు దాకా దిగడానికి 200 పైచిలుకు తీయాలి. ఈ సంగతిని విశిష్టోష్ణం గీతగా గీస్తే కిలోకు, డిగ్రీకి మూడున్నర కిలోజౌళ్ల దగ్గర చదునుగా నడిచే గీత మైనస్ ఒకటి దగ్గర ఒక్కసారిగా 250 దాటేస్తుంది, డెబ్బై రెట్లకు పైన, మళ్లీ జారుకుంటూ మైనస్ ఐదు దగ్గర పన్నెండో పదమూడో అవుతుంది. వాహకత కూడా ఊరుకోదు. నీటిది 0.56, మంచుది 2.2. గడ్డకట్టిన పొర గడ్డకట్టని పొరకంటే వేడిని బాగా బయటికి పంపుతుంది.

ఒక విద్యార్థి ఈ లెక్క చేసి తెచ్చాడు. పట్టిక చూస్తే బుద్ధిగా ఉంది. శిఖరం ఉంది, దిగుడుంది. కానీ ఫ్రీజర్‌లో పెట్టిన రొయ్య నమ్మలేనంత తొందరగా గడ్డకట్టేసింది. సంగతేమిటంటే కాలాన్ని అతను పెద్ద అంగలుగా నడిపించాడు. ఒక అంగకు ముందు ముక్క వేడి సున్నా. అంగ తర్వాత మైనస్ ఎనిమిది. మధ్యలో ఉన్న శిఖరాన్ని లెక్క చూడనే లేదు. అటు మూడున్నర, ఇటు ఆరు, రెంటి సగటు వేసుకుని దాటిపోయింది. 200 కిలోజౌళ్లు గాలిలో కలిసిపోయాయి. పట్టికా తప్పు కాదు, సూత్రమూ తప్పు కాదు.

దీనికి మందు ఏమిటంటే విశిష్టోష్ణం పట్టిక ఇవ్వకపోవడమే. దాని బదులు ఎంథాల్పీ పట్టిక ఇవ్వాలి, అంటే ఏ వేడి దగ్గర కిలోలో మొత్తం ఎంత వేడి నిల్వ ఉంది అన్నది. శిఖరం ఎంత నిటారుగా ఉన్నా నిల్వ గీత మాత్రం మెట్టులా పైకి లేస్తుంది, అంతే. ఎంత పెద్ద అంగ వేసినా ముందు నిల్వకూ తర్వాతి నిల్వకూ తేడా తీస్తే పోయిన వేడి దొరుకుతుంది. ఉక్కులోనూ ఇలాంటి శిఖరమే ఒకటుంది. గది వేడిలో కిలోకు, డిగ్రీకి 440 జౌళ్లున్న విశిష్టోష్ణం 735 డిగ్రీల దగ్గర 5,000 అవుతుంది, లోపలి స్ఫటికాల అమరిక మారేచోట. నేను విద్యార్థులను అడిగేది తక్కువ. లెక్క అయ్యాక లోపలికి పోయిన వేడి, బయటికి వచ్చిన వేడి, మిగిలినది ఒక కాగితం మీద కూడండి. పొంతన కుదిరితే రంగుల బొమ్మ చూపించండి.

ఇంతవరకు చెప్పిన పట్టికలన్నీ ఒక మాట ఇస్తాయి. వేడెక్కినప్పుడు ఏ దారిన వెళ్లారో చల్లారినప్పుడు అదే దారిన వెనక్కి రావచ్చు అని. 20 దగ్గర ఒక గుణం, 200 దగ్గర ఇంకో గుణం, మళ్లీ 20కి వస్తే మళ్లీ ఆ మొదటి గుణం. పట్టాకు ఇది నిజం. గడ్డకట్టి కరిగిన రొయ్యకు కొంతవరకు నిజం. తోలుకు కానే కాదు.

తడి పచ్చితోలును నీళ్లలో వేడిచేస్తూ పోండి. అరవై డిగ్రీలు దాటిన కొద్దిసేపటికి చటుక్కున ముడుచుకుపోతుంది. తోలులో పోగులన్నీ కొలాజెన్. ఆ కొలాజెన్ మూడు పేటల తాడని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ముడుచుకోవడమంటే ఆ పేటలు విడిపోవడం. తంగేడు చెక్క, కరక్కాయ వంటివాటితో పదును చేసిన తోలు ఎనభై దరిదాపుల దాకా ఓర్చుకుంటుంది. క్రోమ్ పట్టించిన తోలు మరిగే నీళ్లను తట్టుకుంటుంది. తోళ్ల కర్మాగారంలో పదును పూర్తయిందో లేదో చూడటానికి చిన్న ముక్క కోసి మరిగే నీళ్లలో వేసే పరీక్ష ఇప్పటికీ ఉంది. ముక్క ముడుచుకోకపోతే సరే.

ఆ ముడుచుకునే వేడిని తోలు శాస్త్రజ్ఞులు ఎలా రాస్తారో గమనించండి. తోలు తడిగా ఉందా, ఏ పదును పట్టింది, నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున వేడిచేశారు, ఇవన్నీ పక్కన లేకుండా రాయరు. ఎండు తోలు తడి తోలుకంటే ఎంతో ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది. ముడుచుకున్నది చల్లార్చితే సాగి మళ్లీ తోలు కాదు. 25 డిగ్రీల దగ్గర రెండు ముక్కలు బల్లమీద పెట్టండి. ఒకటి వేడి చూడనిది, ఒకటి చూసొచ్చినది. వేడి ఒకటే, గుణం రెండు. మన మెటీరియల్ కార్డుకు ఆ తేడా తెలియదు, ఎందుకంటే అది అడిగే ప్రశ్న ఒక్కటే, ఇప్పుడెంత వేడి అని. ఇంతకుముందు ఎంత వేడి చూశావు అని అడగదు. అడిగించాలంటే ప్రతి ముక్కకూ ఒక జ్ఞాపకపు గడి కట్టాలి. అది చూసిన అత్యధిక వేడి, ఆ వేడిలో గడిపిన సేపు అందులో పడాలి. పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఇందుకు సదుపాయం ఉంది. వాడేవాళ్లు తక్కువ. మంట చూసిన కాంక్రీటుకూ ఇదే అవసరం. చల్లారాక దాని బలం తిరిగి రాదు.

ఇదంతా దూరపు సంగతిలా అనిపిస్తే బాపట్ల వెళదాం. 1986లో విడుదలైన బీపీటీ 5204, మనం సాంబ మసూరి అని తినే బియ్యం, అక్కడి పరిశోధన కేంద్రం బిడ్డే. ఆ వడ్లు కోసినప్పుడు తేమ ఇరవై శాతం పైన ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే తిప్పలని ప్రతి రైతుకూ తెలుసు. ఆరబెట్టడంలో తొందరపడితే మిల్లులో నూక పడుతుందనీ తెలుసు. ఎందుకు పడుతుంది?

గింజలోని పిండిపదార్థం ఒక వేడి దాకా గాజులా గట్టిగా ఉంటుంది, ఆ పైన రబ్బరులా మెత్తబడుతుంది. గాజు స్థితిలో ఉన్నప్పటి వ్యాకోచ గుణకం రబ్బరు స్థితికి మారగానే కొన్ని రెట్లు పెరుగుతుందని 2000 ప్రాంతంలో ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో చేసిన పని చూపించింది. ఆ మారే వేడి తేమను బట్టి కదులుతుంది. తేమ ఎక్కువైతే తక్కువ వేడికే మెత్తబడుతుంది. డ్రయ్యరులో గింజ పైపొర ఆరిపోయి, నడుమ ఇంకా తడిగా ఉన్నప్పుడు బయటికి తీసి చల్లార్చారనుకోండి. పైపొర గాజైపోతుంది, లోపల ఇంకా రబ్బరే. రెండూ వేర్వేరుగా కుంచించుకుపోతాయి. గింజలో సన్నని పగులు పడుతుంది. మిల్లు చేసేదల్లా ఆ పగులును నూకగా బయటపెట్టడం. ఉప్పుడు బియ్యం చేసేటప్పుడు ఆవిరిలో పిండి ఉడికి పగుళ్లు అతుక్కుంటాయి. అది మళ్లీ వెనక్కి రాని మార్పే.

ఈ గింజకు మెటీరియల్ కార్డు రాయాలంటే ఒక నిలువు వరుస చాలదు. వేడి ఒక వరుస, తేమ ఒక వరుస, ఉడికిందా లేదా అన్నది మరొక గడి. విదేశీ వరి రకాల మీద చేసిన కొలతలు తెచ్చి సాంబ మసూరికి అంటగట్టడం నాకు ఇష్టం లేదు. గింజ సన్నదనం వేరు, లోపలి పిండిలో అమైలోజ్ పాళ్లు వేరు.

అందుకని బాపట్ల విద్యార్థులకు ఒక పని అప్పగించి ముగిస్తాను. వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది, ఇంజినీరింగు కళాశాల 1981 నుంచి ఉంది. ఒకరి దగ్గర గింజ ఉంది, ఇంకొకరి దగ్గర కంప్యూటరు ఉంది. బీపీటీ 5204ను 12, 16, 20, 24 శాతం తేమల దగ్గర స్కానింగ్ కెలోరిమీటరులో పెట్టి, మెత్తబడే వేడి ఎక్కడుందో చూడండి. మొదటిసారి వేడిచేసినప్పుడు వచ్చిన గీత, చల్లార్చి రెండోసారి వేడిచేసినప్పుడు వచ్చిన గీత, రెండూ అచ్చువేయండి, ఒకటి దాచేయకండి. నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున వేడిచేశారో రాయండి. కోసింది ఏ తేదీన, ఎండలో ఆరిందా డ్రయ్యరులో ఆరిందా, పరీక్షకు ముందు ఎన్నాళ్లు డబ్బాలో ఉంది, అదీ పక్కనే రాయండి. పట్టిక తయారయ్యాక నాకు ఒక ప్రతి పంపితే, మిల్లు డ్రయ్యరు లెక్క నేను చేసి పెడతాను.